గృహ యజమానుల సంఘాలు: నియమాల అమలులో న్యాయం, నిలకడ

అమెరికాలో ఒక కాలనీలోనో కాండోమినియం భవనంలోనో ఇల్లు కొన్నవారంతా తప్పనిసరిగా సభ్యులయ్యే సంస్థ గృహ యజమానుల సంఘం. అక్కడి తెలుగువారి నోట ఇది ‘హెచ్‌ఓఏ’. పార్కులు, లోపలి రోడ్లు, ఈతకొలను, క్లబ్‌హౌస్ వంటి ఉమ్మడి ఆస్తులను చూసుకోవడం, అందుకయ్యే ఖర్చును ఇంటింటి నుంచి వసూలు చేయడం, ఇళ్ల రూపురేఖల మీదా వాడకం మీదా ఉన్న నియమాలను అమలు చేయడం దీని పనులు. మొదటి రెండింటిలో పుట్టే తగాదాలు చాలావరకు లెక్కలు ముందు పెడితే తీరిపోతాయి. మూడోది అలా తీరదు. గడ్డి ఎంత ఎత్తు పెరగవచ్చు, కంచె ఎక్కడిదాకా వేసుకోవచ్చు, వీధి తలుపుకు ఏ రంగు వేయవచ్చు అన్నవి పైకి చిన్న విషయాలే. కానీ అవి మనిషి తన సొంతమనుకున్న చోటికి వచ్చి తాకుతాయి. ఈ సంఘాలపై వచ్చిన తీర్పులు తిరగేస్తే, నియమం కఠినంగా ఉందన్న ఫిర్యాదుతో పాటు తరచూ ఎదురయ్యేది మరొకటి ఉంది: పక్కింటివారిని ఏమీ అనకుండా నన్నే ఎందుకు పట్టుకున్నారు?

పుట్టుక, విస్తరణ

ఒక స్థలాన్ని కొన్నవారు దాన్ని ఎలా వాడాలో ముందే రాసిపెట్టి, ఆ షరతు తరవాతి యజమానులకూ వర్తించేలా చేసే పద్ధతికి ఇంగ్లండులో 1848 నాటి టల్క్ వర్సెస్ మాక్స్‌హే తీర్పు గట్టి పునాది వేసింది. లండన్‌లోని లెస్టర్ స్క్వేర్ తోటను తోటగానే ఉంచాలన్న షరతు అందులోని వివాదం. షరతు సంగతి తెలిసి కొన్నవాడు దానికి కట్టుబడాలని కోర్టు చెప్పింది. అమెరికాలో న్యూజెర్సీలోని రాడ్‌బర్న్ కాలనీ 1929లో ఈ షరతులకు ఒక సంఘాన్ని, దానికో చందాను జోడించి, తరవాతి కాలనీలకు నమూనాగా నిలిచింది. చందా కట్టే బాధ్యత కూడా ఇంటితో పాటే కొత్త యజమానికి సంక్రమిస్తుందని 1938లో న్యూయార్క్ అత్యున్నత న్యాయస్థానం నెపాన్‌సిట్ కేసులో తేల్చడంతో సంఘాలు ఆర్థికంగా నిలదొక్కుకున్నాయి.

ఈ చరిత్రలో ఒక చీకటి అధ్యాయం ఉంది, దాన్ని దాటవేయకూడదు. ఇరవయ్యో శతాబ్దం తొలి సగంలో ఎన్నో కాలనీల పత్రాల్లో నల్లజాతివారికి, యూదులకు, ఆసియావారికి ఇల్లు అమ్మకూడదన్న షరతు ఉండేది. 1948లో షెల్లీ వర్సెస్ క్రేమర్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు అలాంటి షరతులను ఏ న్యాయస్థానమూ అమలు చేయరాదని చెప్పింది. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ఆ వివక్షనే నిషేధించింది. నియమాల అమలులో న్యాయం గురించి అమెరికన్ కోర్టులు ఇంత జాగ్రత్తగా మాట్లాడటం వెనుక ఈ అనుభవం ఉంది.

1970 నాటికి దేశమంతా కలిపి పది వేల సంఘాలు ఉండేవి. ఈ రంగానికి 1973లో ఏర్పడిన కమ్యూనిటీ అసోసియేషన్స్ ఇన్‌స్టిట్యూట్ అంచనాల ప్రకారం ఇప్పుడు వాటి సంఖ్య 3.6 లక్షలు దాటింది. ఏడున్నర కోట్ల మందికి పైగా వాటి పరిధిలో నివసిస్తున్నారు.

అధికారం ఎక్కడి నుంచి వస్తుంది

సంఘం చేతిలో ఉండే పత్రాలకు ఒక వరస ఉంది. అన్నిటికన్నా పైన రాష్ట్ర, సమాఖ్య చట్టాలు. వాటి కింద కౌంటీ కార్యాలయంలో రిజిస్టరైన డిక్లరేషన్, అంటే ఇంటి వాడకంపై షరతుల పత్రం. ఆ తరవాత ఎన్నికలు, సమావేశాలు, పదవుల సంగతులు చెప్పే బైలాలు. అట్టడుగున సభ్యులు ఎన్నుకున్న బోర్డు తానుగా చేసే రోజువారీ నియమాలు. కిందిది పైదాన్ని కాదనలేదు.

ఈ వరస అమలుకు కీలకం. ఇల్లు కొనేటప్పుడే చదివి ఒప్పుకునే అవకాశం ఉన్న డిక్లరేషన్‌ను కోర్టులు గౌరవిస్తాయి. బోర్డు తరవాత చేర్చిన నియమం మాత్రం సహేతుకంగా ఉందా అని పరీక్షిస్తాయి. ఈ తేడాను 1981లో ఫ్లోరిడా అప్పీలు కోర్టు హిడెన్ హార్బర్ ఎస్టేట్స్ కేసులో స్పష్టంగా గీసింది. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1994లో లేక్‌సైడ్ విలేజ్ కేసులో ఇంకో అడుగు వేసింది. మూడు పిల్లులతో ఉంటున్న ఒక యజమానురాలు, తన పిల్లులు గడప దాటవని, ఎవరికీ ఇబ్బంది కలిగించవని వాదించారు. రిజిస్టరైన షరతును ఒక్కరి పరిస్థితిని బట్టి కాక మొత్తం నివాస సముదాయాన్ని బట్టి తూచాలని కోర్టు అంది. షరతు నిష్కారణంగా ఉన్నా, దాని భారం ప్రయోజనాన్ని మించిపోయినా, ప్రజా విధానానికి విరుద్ధమైనా తప్ప చెల్లుతుందని తేల్చింది. కొన్నేళ్లకు ఆ రాష్ట్ర శాసనసభే కొత్తగా చేసుకునే పత్రాల్లో కనీసం ఒక పెంపుడు జంతువుకు చోటివ్వాలని చట్టం చేసింది. నియమం చెల్లుతుందా అన్నది ఒక ప్రశ్న, అది మంచిదా అన్నది మరో ప్రశ్న. రెండోదానికి సమాధానం ఎక్కువసార్లు కోర్టులో కాక శాసనసభలో, సంఘం ఎన్నికల్లో దొరుకుతుంది.

ముఖం చూసి బొట్టు పెట్టే అమలు

చెల్లుబాటయ్యే నియమం కూడా అమలులో చచ్చిపోవచ్చు. దీనికి మంచి ఉదాహరణ ఫ్లోరిడా సుప్రీంకోర్టు 1979లో ఇచ్చిన వైట్ ఎగ్రెట్ తీర్పు. పన్నెండేళ్లలోపు పిల్లలు ఆ భవనంలో నివసించరాదని పత్రాల్లో ఉంది. ఆ కాలపు చట్టం ప్రకారం అది చెల్లే నియమమేనని కోర్టు ఒప్పుకుంది. కానీ అప్పటికే అక్కడ ఆ వయసు పిల్లలు కనీసం మరో ఆరుగురు ఉంటున్నారు. వారి జోలికి పోని సంఘం ఒకే కుటుంబంపై దావా వేసింది. ఎంచి ఎంచి అమలు చేస్తున్నందువల్ల ఆ కుటుంబంపై ఆ నియమం పనిచేయదని కోర్టు చెప్పింది. 1988లో ఫెయిర్ హౌసింగ్ చట్టానికి చేసిన సవరణ తరవాత, వృద్ధుల నివాసాలను మినహాయిస్తే, పిల్లలున్న కుటుంబాలను ఇలా ఆపడమే నేరుగా చట్టవిరుద్ధమైంది. ఎంపిక చేసి అమలు చేయడం గురించి ఆ తీర్పు చెప్పిన మాట మాత్రం ఈనాటికీ వాదనల్లో వినిపిస్తుంది.

2003లో అదే రాష్ట్రంలో ఫారెస్ట్ విల్లాస్ కేసు వచ్చింది. చేపలు, పక్షులు తప్ప ఏ పెంపుడు జంతువూ వద్దన్నది అక్కడి షరతు. సంఘం పిల్లులను చూసీచూడనట్టు వదిలేసి కుక్కలను మాత్రం పట్టుకుంది. కుక్క మొరుగుతుంది, పిల్లి మొరగదు కదా అన్న లోకజ్ఞానం అక్కడ చెల్లలేదు. షరతులో రాసినది స్పష్టంగా రెంటికీ వర్తిస్తున్నప్పుడు, పిల్లికి ఇచ్చిన వెసులుబాటును కుక్కకు కాదనడానికి వీల్లేదని కోర్టు తేల్చింది. తేడా చూపాలని సంఘానికి నిజంగా ఉంటే, దానికి దారి షరతును సభ్యుల ఓటుతో సవరించుకోవడం. బోర్డు తన చేతిలోనే దిద్దుకోవడం కాదు.

ఈ సూత్రాన్ని నెవాడా అందరికన్నా సూటిగా చట్టంలో రాసుకుంది. సంఘం నియమాలు ఏ ప్రయోజనం కోసం చేశారో దానికి సహేతుకంగా సంబంధించి ఉండాలి; ఏం చేయాలో, ఏం చేయకూడదో సభ్యుడికి అర్థమయ్యేంత స్పష్టంగా ఉండాలి; ఒకే రకమైన పరిస్థితుల్లో యజమానులందరి మీదా ఒకేలా అమలు కావాలి. అలా అమలు కాని నియమాన్ని ఎవరి మీదా ప్రయోగించరాదు.

అయితే ‘ఒకే రకమైన పరిస్థితులు’ అన్న మాటను వదిలేసి చదివితే తప్పుదారి పడతాం. ఉల్లంఘన ప్రతిదానిపైనా యుద్ధానికి దిగాలని ఏ చట్టమూ సంఘాన్ని కోరదు. ఉమ్మడి ఆస్తిగల నివాస సముదాయాల కోసం రూపొందించిన ఏకరూప నమూనా చట్టం 2008 సవరణ ప్రకారం, బోర్డు కొన్ని కారణాలపై చర్య తీసుకోకుండా ఆగవచ్చు: చట్టపరంగా తన వాదన బలహీనమనిపించినా, ఉల్లంఘన సంఘం డబ్బు ఖర్చుపెట్టేంత పెద్దది కాకపోయినా, చర్య సంఘం మేలుకు కాదనిపించినా. ఒకసారి ఆగినంత మాత్రాన వేరే పరిస్థితుల్లో చర్య తీసుకునే హక్కు పోదు. కానీ ఏకపక్షంగా, ఇష్టానుసారంగా మాత్రం ఉండకూడదు. నిలకడ అంటే ప్రతి ఇంటికీ ఒకే ఫలితం రావడం కాదు. ప్రతి ఇల్లూ ఒకే దారి గుండా, ఒకే ప్రశ్నలు ఎదుర్కొంటూ ఆ ఫలితానికి చేరడం.

నోటీసు నుంచి నిర్ణయం దాకా

సంఘం బోర్డు ఒక చిన్న ప్రభుత్వంలా పనిచేస్తుంది. ఆ ప్రభుత్వంలో నియమం చేసేది, తప్పు పట్టేది, విచారించేది, జరిమానా వసూలు చేసేది ఆ నలుగురైదుగురే. వారు ఇరుగుపొరుగువారు, జీతం లేని సేవకులు, న్యాయ శిక్షణ లేనివారు. వారిలో దురుద్దేశం లేకపోయినా ఈ కలగలుపు ప్రమాదకరం. రాష్ట్రాల చట్టాలు గత నలభై ఏళ్లుగా చేస్తున్న పని ఈ పాత్రల మధ్య గోడలు కట్టడమే.

ఫ్లోరిడా గోడ అన్నిటికన్నా ఎత్తైనది. అక్కడ జరిమానా వేయాలని బోర్డు అనుకుంటే సరిపోదు. కనీసం 14 రోజుల ముందు నోటీసు ఇచ్చి, సభ్యుల నుంచి ఏర్పరచిన కనీసం ముగ్గురి కమిటీ ముందు విచారణ జరపాలి. ఆ కమిటీలో సంఘం డైరెక్టర్లు, పదాధికారులు, ఉద్యోగులు ఉండకూడదు. వారి జీవిత భాగస్వాములు, తల్లిదండ్రులు, పిల్లలు, తోబుట్టువులు కూడా ఉండకూడదు. కమిటీ మెజారిటీతో ఒప్పుకోకపోతే జరిమానా అక్కడితో ఆగిపోతుంది. 2024లో వచ్చిన సవరణ నోటీసు ఇచ్చిన 90 రోజుల్లోగా విచారణ ముగించాలని, ఏడు రోజుల్లోగా నిర్ణయం రాతపూర్వకంగా చెప్పాలని గడువులు పెట్టింది. చెత్త బండి వచ్చే సమయానికి ముందూ వెనుకా 24 గంటల్లో డబ్బా వీధి పక్కన కనిపించిందని జరిమానా వేయడాన్నీ నిషేధించింది. ఇంత చిన్న విషయం చట్టసభ దాకా వెళ్లిందంటే, అంతకుముందు ఎందరు ఇళ్లవాళ్లు విసిగిపోయి ఉంటారో ఊహించవచ్చు.

టెక్సస్ గోడ వేరే చోట కట్టింది. డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కో, ఇర్వింగ్ వంటి ఊళ్లలో తెలుగు కుటుంబాలు పెద్ద సంఖ్యలో హెచ్‌ఓఏ కాలనీల్లోనే ఉంటున్నందువల్ల ఈ చట్టం మనవారికి రోజూ ఉపయోగపడేది. సర్టిఫైడ్ మెయిల్‌లో వచ్చే నోటీసు ఏ నియమం ఉల్లంఘించారో, ఎంత కట్టాలో చెప్పాలి. సరిదిద్దుకోగల తప్పయితే సహేతుకమైన గడువు ఇవ్వాలి. ఆరు నెలల్లోపు అదే తప్పుకు ఒకసారి గడువు ఇచ్చి ఉంటే మళ్లీ ఇవ్వనక్కర్లేదు. యజమాని 30 రోజుల్లోగా విచారణ కోరవచ్చు. 2021 సవరణ తరవాత విచారణకు పది రోజుల ముందే సంఘం తన దగ్గరున్న ఫొటోలు, పత్రాలు, ఉత్తరాలు యజమానికి పంపాలి. పంపకపోతే విచారణను 15 రోజులు వాయిదా వేయించుకునే హక్కు యజమానికి వస్తుంది. సమావేశాన్ని ఆడియో రికార్డు చేసుకోవచ్చు. మొదట సంఘమే తన వాదన చెప్పాలి. నోటీసు రాగానే భయపడి చెక్కు రాసేసేవారు, కోపంతో ఉత్తరం చించేసేవారు ఈ 30 రోజుల హక్కును చేజేతులా వదులుకుంటున్నారు.

కాలిఫోర్నియాలో 1985 నాటి డేవిస్-స్టర్లింగ్ చట్టం ప్రకారం జరిమానాల పట్టిక ముందే తయారై సభ్యులందరికీ చేరి ఉండాలి. అందులో లేని జరిమానా చెల్లదు. విచారణకు పది రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సభ్యుడు కోరితే బోర్డు ప్రతినిధి ఎదురుగా కూర్చుని మాట్లాడాలి. 2025 మధ్యలో వచ్చిన మార్పుతో, ఆరోగ్యానికో భద్రతకో ముప్పు ఉన్న ఉల్లంఘనలను మినహాయిస్తే, ఒక్కో ఉల్లంఘనకు జరిమానా 100 డాలర్లు దాటకూడదు.

ఈ విధానాలు పాటించకపోతే ఏమవుతుందో 1986 నాటి ఐరన్‌వుడ్ కేసు చూపించింది. కాలిఫోర్నియాలో ఒక యజమాని అనుమతి తీసుకోకుండా ఇంటి ముందు ఎనిమిది పొడవాటి ఖర్జూర చెట్లు నాటాడు. తప్పు జరిగిందన్నది కంటికి కనిపిస్తూనే ఉంది. అయినా సంఘం కేసు ముందుకు సాగలేదు. తన పత్రాల్లో రాసుకున్న పద్ధతిని తానే పాటించిందని, ఆ పద్ధతి న్యాయమైనదని, నిర్ణయం సదుద్దేశంతో, ఏకపక్షం కాకుండా తీసుకున్నదని సంఘమే నిరూపించాలి అంది కోర్టు. నిర్మాణాల కమిటీ ఆ చెట్లపై సరిగ్గా సమావేశమై కారణాలతో నిర్ణయం తీసుకున్నట్టు రికార్డులో ఎక్కడా లేదు.

బోర్డు సభ్యులు ఎవరైనా చదవాల్సిన తీర్పు ఇదొక్కటే అనాలంటే నేను దీన్నే ఎంచుకుంటాను. చాలా సంఘాలు నియమం లేక ఓడిపోవు, కాగితం లేక ఓడిపోతాయి. ఫిర్యాదు ఏ రోజు వచ్చింది, ఎవరు వెళ్లి చూశారు, ఫొటో ఉందా, ఇంతకుముందు ఇలాంటి విషయంలో ఏం చేశారు, ఈసారి వేరుగా చేస్తే కారణమేమిటి అన్నవి మినిట్స్‌లోకి ఎక్కాలి. బోర్డులు రెండేళ్లకో మూడేళ్లకో మారుతుంటాయి, మేనేజ్‌మెంటు కంపెనీ మేనేజర్లు ఇంకా త్వరగా మారుతుంటారు. నిలకడ మనుషుల జ్ఞాపకంలో నిలవదు, రిజిస్టరులోనే నిలుస్తుంది. ఫిర్యాదుల మీదే ఆధారపడే సంఘంలో ఇంకో చిక్కు ఉంది. ఎక్కువ ఫిర్యాదులు చేసే ఒకరిద్దరి ఇష్టాయిష్టాలే ఊరి చట్టమైపోతాయి. నెలకోసారి కాలనీ అంతా ఒకే జాబితాతో తిరిగి చూడటం వల్ల ఈ బెడద కొంత తగ్గుతుంది.

జరిమానా నుంచి ఇంటి దాకా

కట్టని జరిమానా ఇంటి మీద అప్పుగా మారి, ఇల్లే వేలానికి వెళ్లే పరిస్థితి ఈ వ్యవస్థలో అత్యంత క్రూరమైన మలుపు. టెక్సస్‌లో కేవలం జరిమానాల కోసం ఇంటిని వేలం వేయడం కుదరదు. ఫ్లోరిడాలో వెయ్యి డాలర్లలోపు జరిమానా ఇంటిపై తాకట్టుగా మారదు. కొలరాడో రాష్ట్రం డెన్వర్ నగరంలోని గ్రీన్ వ్యాలీ రాంచ్ కాలనీలో వరసగా దాఖలైన వేలం కేసులు సంచలనం రేపాక, 2022లో ఆ రాష్ట్రం కొత్త చట్టం తెచ్చింది. దాని ప్రకారం మామూలు ఉల్లంఘనకు జరిమానా మొత్తం 500 డాలర్లు దాటకూడదు, రోజుకింత అని పెంచుకుంటూ పోకూడదు, జరిమానాల కోసం మాత్రమే ఇల్లు వేలానికి పెట్టకూడదు. యజమాని కోరుకున్న భాషలో నోటీసు పంపాలన్న నిబంధన కూడా అందులో ఉంది. ఇంగ్లిషు చదవలేని పెద్దవాళ్లున్న వలస కుటుంబాలకు ఇది సాంకేతిక వివరం కాదు, ఇల్లు దక్కడం దక్కకపోవడం.

తప్పక ఇవ్వాల్సిన మినహాయింపులు

అందరికీ ఒకటే అన్న మాటను పట్టుకుని కొన్ని సంఘాలు చట్టాన్నే ఉల్లంఘిస్తాయి. వైకల్యం ఉన్నవారికి సహేతుకమైన సడలింపు ఇవ్వడం ఫెయిర్ హౌసింగ్ చట్టం ప్రకారం విధి. జంతువులు వద్దన్న భవనంలో సహాయక జంతువును అనుమతించడం, చక్రాల కుర్చీ కోసం ర్యాంపు కట్టుకోనివ్వడం పక్షపాతం కిందికి రావు. మిగతావారికి ఆ సడలింపు పూర్వోదాహరణగా పనికిరాదు. మీటరు లోపు వ్యాసమున్న డిష్ యాంటెన్నాలకు 1996 నాటి సమాఖ్య నియమం, జాతీయ జెండా ఎగరేయడానికి 2006లో అమల్లోకి వచ్చిన చట్టం రక్షణనిస్తాయి.

మతచిహ్నాల సంగతి మనవారికి దగ్గరది. షికాగోలోని షోర్‌లైన్ టవర్స్ భవనంలో గుమ్మాల బయట చెప్పులు, బూట్లు, పట్టాలు, ఏ వస్తువులూ ఉంచకూడదని 2001లో నియమం చేశారు. అది వరండాల్లో అడ్డు తొలగించడానికేనని అందరూ అనుకున్నారు. యూదు కుటుంబాలు గుమ్మానికి తగిలించే మెజూజా జోలికి మూడేళ్లు ఎవరూ పోలేదు. 2004లో వరండాలకు రంగులు వేశాక అదే నియమాన్ని చూపి మెజూజాలను పీకేయసాగారు. 2009లో ఏడో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు పూర్తి ధర్మాసనం, ఇది ఉద్దేశపూర్వక వివక్షా కాదా అన్నది విచారణలో తేలాల్సిందేనని చెప్పింది. నియమం మాటలు మారలేదు, దాన్ని చదివే తీరు మారింది. నిలకడ తప్పడానికి కొత్త నియమమే అక్కర్లేదని ఈ కేసు చెబుతుంది. టెక్సస్‌లో గుమ్మం దగ్గర మతచిహ్నాలకు 2011లోనే కొంత రక్షణ ఉంది, 2021లో దాన్ని విస్తరించారు. అక్కడ మామిడాకుల తోరణం కట్టుకున్న ఇంటికి నోటీసు వస్తే, ఆ చట్టం చూపించి నిలబడవచ్చు.

నిద్రపోయిన నియమాన్ని లేపడం

ఏళ్లుగా ఎవరూ పట్టించుకోని నియమాన్ని కొత్త బోర్డు అమలు చేయాలనుకుంటే ఏం చేయాలి? ఇది న్యాయవాదుల దగ్గరికి తరచూ వచ్చే ప్రశ్న. ఒక ఉదయం లేచి వరసగా నోటీసులు పంపడం దారి కాదు. మయామిలోని బ్రికెల్ ప్లేస్ సంఘం బాల్కనీలను మూసి గదులుగా మార్చుకోవడాన్ని చాలాకాలం చూస్తూ ఊరుకుంది. తరవాత ఇకపై ఎవరూ మూయకూడదని, అప్పటికే మూసినవాటి జోలికి పోమని అందరికీ తెలియజేసింది. ఆ తరవాత మూసిన ఒకరు, పాతవారిని వదిలి నన్నెందుకు పట్టుకున్నారని వాదించారు. 1985లో కోర్టు ఆ వాదనను తోసిపుచ్చింది. గీత ఏ రోజున గీశారో అందరికీ ఒకే రోజున తెలిసింది కాబట్టి అందులో పక్షపాతం లేదు. ముందుగా ప్రకటన, తగినంత గడువు, పాత ఉల్లంఘనల జాబితా, ఆ తరవాతే అమలు. ఇంత ఓపిక లేని బోర్డు ఆ నియమాన్ని పత్రాల్లోంచి తీసేయడమే నిజాయితీ.

తెలంగాణ, ఆంధ్రప్రదేశ్‌లలో

మన నగరాల్లో అపార్ట్‌మెంటు, గేటెడ్ కమ్యూనిటీ సంఘాలకు 1987 నాటి ఆంధ్రప్రదేశ్ అపార్ట్‌మెంట్ల చట్టం ఒక ఆధారం. చాలా సంఘాలు 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదవుతాయి. మెజారిటీ ఇళ్లు బుక్ అయిన మూడు నెలల్లోగా సంఘం ఏర్పడేలా చూసే బాధ్యతను 2016 రెరా చట్టం బిల్డరుపై ఉంచింది. కానీ నోటీసు ఎన్ని రోజులు, విచారణ ఎవరి ముందు, జరిమానాకు హద్దెంత అన్న వివరాల్లో అమెరికా రాష్ట్రాల వంటి పట్టిక ఈ చట్టాల్లో లేదు. ఆ ఖాళీని బైలాలు పూరించాలి. చాలాచోట్ల బైలాలు మరెక్కడివో తెచ్చి పేరు మార్చి సంతకాలు పెట్టినవే కనుక ఆ ఖాళీ ఖాళీగానే మిగులుతోంది.

ఆ ఖాళీలోకి వాట్సాప్ గ్రూపులో తీర్మానాలు వస్తున్నాయి. పెళ్లికానివారికి ఇల్లు అద్దెకివ్వకూడదని, ఇంటి పనిమనుషులు మెయిన్ లిఫ్టు ఎక్కకూడదని నోటీసులు అంటిస్తున్నారు. ఓటు హక్కు లేనివారి మీద, సమావేశానికి రాలేనివారి మీద వేసే నియమాలివి. మెజారిటీ ఉంది కాబట్టి చెల్లుతుందన్న వాదనకు భారత జంతు సంక్షేమ మండలి 2015 ఫిబ్రవరి మార్గదర్శకాలు ఒక విషయంలో అడ్డుకట్ట వేశాయి: సభ్యులంతా కలిసి తీర్మానించినా పెంపుడు కుక్కలను నిషేధించే అధికారం సంఘానికి లేదు. మనుషుల విషయంలో ఇంత స్పష్టమైన మాట ఇంకా రాకపోవడం బాధాకరం.

సభ్యుడికి ఉన్న దారి మాత్రం పూర్తిగా మూసుకుపోలేదు. 2001 చట్టంలోని 23వ సెక్షన్ ప్రకారం సొసైటీ వ్యవహారాలపై కమిటీలోనో సభ్యుల మధ్యో వివాదం వస్తే, 1996 నాటి మధ్యవర్తిత్వ చట్టం కింద వెళ్లవచ్చు, లేదా జిల్లా కోర్టులో దరఖాస్తు వేయవచ్చు. అక్కడ కూడా సభ్యుడి చేతిలో ఉండాల్సినవి ఆ కాగితాలే: నోటీసు నకలు, తాను ఇచ్చిన జవాబు, పక్క ఫ్లాటుకు వర్తించని నియమం తనకు వర్తించిందని చూపే తేదీ వేసిన ఫొటో.